పదకొండు కిలోమీటర్ల గౌరవం

బోర్డుల షెడ్డులో ఆమెను అందరూ అక్షరాలమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. రోడ్ల శాఖలో ఇరవయ్యారేళ్ళుగా ఆమె పని ఒకటే. రేడియం షీటులో అక్షరాలు కత్తిరించాలి, అల్యూమినియం రేకు మీద అతికించాలి, అడుగున గాలిబుడగ మిగలకుండా రబ్బరు చెక్కతో నొక్కాలి. బస్సెక్కితే అందరూ కిటికీలోంచి చెట్టూ పుట్టా చూస్తారు, ఈవిడ బోర్డులు చూస్తుంది. ఎక్కడైనా అక్షరం వెంట్రుకవాసి ఒరిగిందా, "ఎవడు చేశాడో గానీ వాడి చేతులు విరగ్గొట్టాలి" అని పైకే అనేస్తుంది. పక్క సీటువాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారు.

ఇంట్లో ఆమె, తమ్ముడు, ఇద్దరే. పెళ్ళి సంగతి ఆమె ఎత్తదు కాబట్టి మనమూ ఎత్తవద్దు. తమ్ముడు సైన్యంలో లారీ నడిపేవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆ లారీ మందుపాతర మీదికి ఎక్కింది. పక్కన కూర్చున్న వాళ్ళ దళం వంటాయన అక్కడికక్కడే పోయాడు. తమ్ముడికి ఎడమకాలు మోకాలి దాకా పోయింది. ఇంటికి వచ్చాక ఆస్పత్రికి తప్ప గుమ్మం దాటలేదు. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, ఇరుగుపొరుగు తెచ్చిచ్చే రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేస్తూ కూర్చునేవాడు. "నడిపింది నేను, పోయింది ఆయన" అని ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి అన్నాడు. ఆ ఒక్క మాటా అక్క గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

అలాంటి రోజుల్లో ఊరి పాలకసభ ఒక తీర్మానం చేసింది. యుద్ధంలో ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లూ, గాయపడి తిరిగొచ్చినవాళ్ళ పేర్లూ చుట్టుపక్కల రహదారులకు పెట్టాలని. మొత్తం ఏడు రోడ్లు. ఏ రోడ్డుకి ఎవరి పేరో తేల్చే పని ఇంజినీరు చేతిలో పడింది.

ఈ ఇంజినీరు గురించి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో కూడా తెలియనివాడు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆమే. ఆమె ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశాడో లెక్కలేదు. జనం ముందు ఆమె అతన్ని "సార్" అనేది, జనం లేనప్పుడు "అబ్బాయ్" అనేది. అతను ఎప్పుడూ "అక్కా" అనే పిలిచేవాడు.

"అక్కా, వంతెన దగ్గర్నుంచి క్వారీ మలుపు దాకా పదకొండు కిలోమీటర్లు మీకే" అన్నాడు ఒకరోజు షెడ్డుకి వచ్చి. "వంటాయన పేరూ, మన తమ్ముడి పేరూ ఒకే బోర్డు మీద. బళ్ళు తిరిగినన్నాళ్ళూ జనం చదువుతూనే ఉంటారు."

"మాట తప్పవు కదా అబ్బాయ్?"

"నీ చేతి అన్నం తిన్నవాణ్ణక్కా."

తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. "బతికున్నవాడి పేరు రోడ్డుకేంటక్కా? రోజూ నా మీద నుంచి లారీలు పోవాలా?" అని వెక్కిరించాడు.

"నీ కోసం కాదురా, ఆయన కోసం. ఆయన పేరు పెట్టాలంటే వాళ్ళమ్మ సంతకం కావాలంట. ఆవిడ దగ్గరికెళ్ళి అడిగే మొహం ఎవరికుంది, నీకు తప్ప?"

రెండు రోజులు పలకలేదు. మూడోరోజు పొద్దున్నే "ఆ నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి" అన్నాడు. ఆమె ఇస్త్రీపెట్టె వేడెక్కకముందే చొక్కా మీద పెట్టేసింది, అంత కంగారు.

వంటాయన తల్లి, ఆ పెద్దావిడ, పక్క ఊళ్ళో కుట్టుపని దుకాణం పైన రెండు గదుల్లో ఉంటుంది. పద్దెనిమిది మెట్లు. చంకకర్రలు అక్కకిచ్చి, మెట్టు మీద కూర్చుని వెనక్కి వెనక్కి జరుగుతూ ఎక్కాడు తమ్ముడు. పైకి చేరేసరికి నీలం చొక్కా వెనకంతా దుమ్ము. పెద్దావిడ అతన్ని చాలాసేపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. "ఇన్నాళ్ళకి వచ్చావా" అంది.

"రోడ్డు నాకెందుకు బాబూ, నేను ఎక్కడికి పోవాలి?" అంది విషయం విన్నాక.

"వచ్చే పోయే ప్రతి లారీవాడూ మీ అబ్బాయి పేరు చదువుతాడమ్మా. మేం పోయాక కూడా చదువుతారు. నేను మాటిస్తున్నాను."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో తమ్ముడు కిటికీ పక్కన కూర్చుని దారంతా మాట్లాడాడు. ఆ బోర్డు ఎంత ఎత్తు, ఏ రంగు, ఎంత దూరం నుంచి కనబడుతుంది అని ఒకటే ప్రశ్నలు. తొమ్మిదేళ్ళ మౌనం తీరినట్టు మాట్లాడుతుంటే, ఇంక ఈ పిల్లాడు బతికాడు అనుకుంది అక్షరాలమ్మ. ఆమెకి వాడు ఎప్పటికీ పిల్లాడే.

బోర్డులకి ఆర్డరు కాగితం వచ్చింది. ఆమె పప్పులో కాలేసింది ఇక్కడే.

షెడ్డులో రేడియం షీట్లు రెండు రకాలు. ఒకటి పన్నెండేళ్ళు మెరుస్తుంది, రెండోది రెండేళ్ళకే వెలిసిపోతుంది. రెండేళ్ళ షీటు దారి మళ్ళింపు బోర్డులకే వాడతారు, లేకపోతే త్వరలో మూసేసే రోడ్లకి. స్తంభాలూ అంతే. ఉండే బోర్డుకి గొయ్యి తీసి కాంక్రీటు పోస్తారు, పోయే బోర్డుకి బిగింపులతో సరిపెడతారు. ఈ కాగితం మీద రెండేళ్ళ షీటు, బిగింపులు అని రాసి ఉంది. అదే మరో రోడ్డయితే "ఇది ఎప్పుడు మూస్తున్నారు?" అని నిమిషంలో అడిగి ఉండేది. కానీ ఆ రోజు ఆమె కంటికి తమ్ముడి పేరే కనబడింది. గుమాస్తాల పిసినారితనం అనుకుంది. "ప్రాణాలిచ్చినవాళ్ళ దగ్గరా కక్కుర్తేనా, పీనుగులు!" అని తిట్టి, పన్నెండేళ్ళ షీటు చుట్ట తీసి పరిచింది. స్తంభాలకి కాంక్రీటు పోయించే పూచీ కూడా తనే పడింది. ఇంటికెళ్ళి, శాఖని ఎలా బోల్తా కొట్టించిందో తమ్ముడికి చెప్పింది, ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

బోర్డు ఆవిష్కరించిన రోజు ఉపన్యాసాలు నలభై నిమిషాలు సాగాయి. కుర్చీ వేసినా తమ్ముడు కూర్చోలేదు, చంకకర్రల మీద నిలబడే ఉన్నాడు. ఇంజినీరు అతని మోచెయ్యి పట్టుకుని ఫొటోలు దిగాడు. పెద్దావిడ ముందుకొచ్చి, కొడుకు పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలితో తడుముకుంది. ఎక్కడా ఒక్క బుడగ లేదు. అంత నున్నగా అక్షరాలమ్మ తన జన్మలో అతికించలేదు.

ఏడు వారాల తర్వాత షెడ్డుకి కొత్త ఆర్డరు వచ్చింది. "రోడ్డు మూసివేయబడినది" అని నాలుగు బోర్డులు. బిగించే చోటు: వంతెన దగ్గర రెండు, క్వారీ మలుపు దగ్గర రెండు. అక్షరాలమ్మ రెండుసార్లు చదివింది. కింద జతచేసిన కాగితంలో అంతా ఉంది. కొత్త బైపాస్ తెరుస్తారు, పాత రోడ్డు మొత్తం క్వారీలో కలిసిపోతుంది. ఆ నిర్ణయం తేదీ చూసింది. బోర్డు ఆవిష్కరణకి ఏడాది ముందుది. కింద సంతకం ఇంజినీరుది.

కత్తి బల్ల మీద పెట్టి, చేతికి అంటిన జిగురు కూడా కడుక్కోకుండా నేరుగా అతని గదికి వెళ్ళింది. తలుపు తట్టలేదు.

"మిగతా ఆరు రోడ్లు కూడా ఇంతేనా?"

అతను ఆమె చేతిలోని కాగితం చూశాడు. తర్వాత లేచి తలుపు వేసి వచ్చాడు. "ఇంతేనక్కా. పెద్ద రోడ్ల పేర్లకి పెద్దవాళ్ళు కాచుకుని ఉన్నారు. సైనికులకి కాదంటే జనం ఊరుకోరు. పోయే రోడ్లయితే ఎవరికీ అభ్యంతరం లేదు, మీకు మర్యాదా దక్కింది."

"మర్యాదా? నా తమ్ముడి చేత ఆ ముసలావిడకి మాట ఇప్పించావు గదరా! నా చేతి అన్నం తిన్నానన్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు."

"నన్నంటావేంటక్కా?" అన్నాడతను. అతని గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "నేనేం దాచాను? ఆర్డరులో రెండేళ్ళ షీటు అని రాశానా లేదా? ఇరవయ్యారేళ్ళు ఈ పనే చేస్తున్నదానివి, నీకు అర్థమైందనుకున్నా. తమ్ముడి సంతోషం కోసం తెలిసే ఊరుకున్నావనుకున్నా."

నమ్మించి గొంతు కోసినవాడు, ఆ కత్తికి నువ్వూ ఓ చెయ్యి వేశావంటున్నాడు. షెడ్డుకి వెళ్ళకుండా ఇంటిదారి పట్టింది. ఆ నాలుగు బోర్డులూ ఆమె చెయ్యదు. చెయ్యకపోతే మాత్రం ఏం, రేపు ఇంకొకరు చేస్తారు.

తమ్ముడు ఫ్యాను విప్పి మరలు బల్ల మీద వరసగా పేర్చుకుంటున్నాడు. ఆమె నిలబడే మొత్తం చెప్పేసింది, ఒక్క ముక్క దాచలేదు. అతను విన్నాడు. మరలన్నీ ఒక్కొక్కటే డబ్బాలో వేశాడు.

"షీటు చూసినప్పుడే నీకు తెలియాలి కదక్కా."

"తెలియలేదురా. నీ మీద ఒట్టు."

"వేరేవాళ్ళ రోడ్డయితే తెలిసేది."

ఆమె కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. షీటు మార్చేశానని ఆ రోజు తను నవ్వుతూ చెప్పిన సంగతి వాడు ఇప్పుడు మనసులో మళ్ళీ మొదట్నుంచీ వింటున్నాడని ఆమెకి అర్థమైంది. నవ్వినందుకు ఇద్దరికీ సిగ్గే, కానీ కాగితం మీద ఉన్నది చూసీ చూడనిది ఆమె, ఆమె సిగ్గు వేరు.

"పెద్దావిడకి ఎవరైనా చెప్పేలోగా నేనే చెప్పాలి" అన్నాడు లేస్తూ. "ఇప్పుడే వెళ్తాను."

"ఉండు, చెప్పులేసుకుని నేనూ వస్తున్నా. పద్దెనిమిది మెట్లున్నాయిరా."

"తెలుసు. ఎక్కాను గదా."

"కర్రలు ఎవరు పట్టుకుంటారు? పోనీ పైకి రాను, కిందే నిలబడతాను."

"నువ్వు రాకక్కా. ఆ బోర్డు చేసింది నువ్వని ఆవిడకి తెలుసు. నిన్ను చూస్తే, నువ్వూ వాళ్ళ మనిషివే అనుకుంటుంది."

"ఆవిడ సంగతి సరే" అంది ఆమె. "నువ్వేం అనుకుంటున్నావురా?"

తమ్ముడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ముడి వెయ్యడం అయిపోయింది. అయినా తల ఎత్తలేదు.