మగ్గాల్సిన ఉల్లిపాయ

జ్వరం తగ్గినా ఆమెకు నోటి చేదు పోలేదు. ఏం పెట్టినా పక్కకు నెట్టేస్తోంది. లారీ డ్రైవరైన భర్తకు, ఎప్పుడో దూరపు ట్రిప్పులో ఓ ముసలావిడ పోసిన ఉల్లిపాయ సూపు గుర్తొచ్చింది. రెండుసార్లు కాచి చూశాడు. రెండుసార్లూ మాడు వాసనే.

"లారీ తోలినట్టు వండితే ఎలాగండీ? వేయించడం కాదు, మగ్గనివ్వాలి," అంది ఆమె మంచం మీంచి.

పొద్దుట్నుంచి స్టీరింగు పట్టిన చేతులు లాగేస్తున్నాయి. మూడోసారి ఉల్లిపాయలు తరిగి వేసి, మంట తగ్గించి, గిన్నె మీద మూతపెట్టి, గోడకు చేరగిలబడ్డాడు. కలిపే ఓపిక కూడా లేదు. ఉల్లిపాయలు వాటంతటవే మెత్తబడ్డాయి. నీళ్లు పోసి, మిరియాలు వేసి మరిగించాడు.

ఆమె ఒక గుటక మింగి మొహం చిట్లించింది.

"అసలు ఉప్పేశారా?"

ఇన్నాళ్లకు ఆమె నాలుకకు రుచి తెలిసింది. అతను మోకాళ్లు పట్టుకుని లేచి, ఉప్పు డబ్బా కోసం వెళ్లాడు.