ఏసోబు అడిగిన ప్రశ్న

మల్లాపూర్ పారిశ్రామికవాడ షెడ్లలో ఒక మాట చలామణిలో ఉంది: పని వచ్చినవాడు అడగడు, అడిగేవాడికి పని రాదు. ఎవడు పుట్టించాడో గానీ, దానివల్ల బాగుపడ్డది యజమానులు, నష్టపోయింది ఏసోబు లాంటివాళ్ళు. ఈ సంగతి ఏసోబుకు తెలిసొచ్చేసరికి ముప్పైతొమ్మిదేళ్ళు నిండాయి.

ఏసోబుది జనగామ దగ్గర పల్లె. ఐటీఐ అయిపోగానే నాచారంలో మేనమామ ఇంట్లో పెట్టె దించి, గోపాలరావు గారి షెడ్డులో చేరాడు. అక్కడ డైలు చేస్తారు. డై అంటే ఉక్కు అచ్చు. ప్రెస్సుకు బిగించి, రేకు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే మిక్సీ మూతో ఫ్యాను పట్టీనో ఊడిపడుతుంది. అచ్చులో వెంట్రుకవాసి తేడా ఉన్నా రేకు చిరుగుతుంది. ఆ వెంట్రుకవాసిని వేలికొసతో పట్టేస్తాడు ఏసోబు. ఈ విద్య నేర్పింది విశ్వనాథం అనే ముసలి మేస్త్రి, ఇప్పుడు లేడు పాపం. పనితో పాటు ఆయన ఒక నీతి కూడా నూరిపోశాడు. డ్రాయింగులో తప్పు కనిపిస్తే నోరు తెరవకు, ఆకురాయి అందుకుని నువ్వే సరిచెయ్యి. తప్పు ఎత్తి చూపితే గీసినవాడి పరువు పోతుంది, పరువు పోయినవాడు నీ పొట్టమీద కొడతాడు.

పంతొమ్మిదేళ్ళు ఏసోబు ఆ నీతిని దాటలేదు. రంధ్రం పక్కకు జరిగి ఉంటే జరిపాడు, లోతు తక్కువైతే పెంచాడు, చడీచప్పుడు లేకుండా డై అప్పగించి టీ తాగడానికి పోయాడు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరుకున్నాడే తప్ప, అది తన గొప్ప అని ఎన్నడూ అనుకోలేదు.

పోయినేడు ఫోర్‌మన్ పని మానేస్తే ఆ కుర్చీ తనదే అనుకున్నాడు. షెడ్డంతా అలాగే అనుకుంది. గోపాలరావు మంచి మనిషే, కాదనను, కానీ ఆయనకు ఒక అల్లుడున్నాడు. సురేష్, బీటెక్. ఏసోబూ, నీకు డిగ్రీ లేకపాయె అని భుజం తట్టి, కుర్చీ అల్లుడికిచ్చాడు. సరే, అదీ దిగమింగాడు. కానీ చర్లపల్లి నుంచి ఒక కస్టమర్ వచ్చి, మీ డైలు మొదటి దెబ్బకే కూర్చుంటాయి, ఆ డ్రాయింగులు గీసే చెయ్యి ఎవరిదండీ అని సురేష్‌కు కరచాలనం చేసినప్పుడు మాత్రం ఏసోబుకు మింగుడుపడలేదు. ఆ డ్రాయింగులో మూడు తప్పులు సరిచేసినవాడు రెండడుగుల దూరంలో గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

దేశం విడిచిపోయేవాళ్ళంతా డబ్బు కోసమే పోతారని అంటారు. డబ్బు ఎవరికి చేదు! కానీ చేతిలో విద్య ఉండి, ఆ విద్య ఎవరి కంటికీ ఆనకపోతే, మనిషికి ఉన్నచోట ఊపిరాడదు. ఏసోబు సంగతి అదే. జర్మనీలో ఒక కంపెనీకి డైలు చేసేవాళ్ళు కావాలని, నలభై దాటకూడదని, చర్లపల్లిలో ఒక శిక్షణ కేంద్రంలో పరీక్ష పెడతారని తెలిసింది. నలభైకి ఇంకా ఎనిమిది నెలలుంది. రోజీకి చెప్పాడు.

రోజీ అతని భార్య. నాచారంలోనే ఒక బట్టల కంపెనీలో చెకర్. కుట్టిన చొక్కాల్లో లోపం వెతికి ఎర్ర స్టిక్కర్ అంటించడం ఆమె పని. మొగుడికి నోట్లో నాలుక లేకపోతే, ఆ వాటా కూడా దేవుడు ఆమెకే ఇచ్చాడు. ముందు నువ్వు పో, కుదురుకున్నాక నేనూ వస్తానని ఒక్క మాటలో తేల్చేసింది.

ఉప్పల్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీది గదిలో మనస్విని అనే టీచరమ్మ జర్మన్ చెబుతుంది. క్లాసులో ఏసోబు తప్ప అందరూ నర్సులు. మానస అనే అమ్మాయి పదేళ్ళు ఐసీయూలో చేసింది. అక్కడికి పోతే, చదువుకు గుర్తింపు వచ్చేదాకా మళ్ళీ సహాయకురాలిగా మొదలుపెట్టాలట. ఇక్కడ సీనియర్‌ని, అక్కడ జూనియర్‌ని కూడా కాను అంకుల్ అని నవ్వేది, కళ్ళు మాత్రం నవ్వేవి కాదు. ఏసోబుకైతే అర్థం కాని మాటలు రోజుకు పది. ఒక్కటీ అడిగేవాడు కాదు. ఇంటికొచ్చి రాత పుస్తకంతో కుస్తీ పట్టేవాడు. ఏమైతేనేం, భాష పరీక్ష అంచుమీద గట్టెక్కాడు.

ఆ తర్వాత పని పరీక్ష. జర్మనీ నుంచి వచ్చిన పెద్దాయన, పక్కన తెలుగు దుబాసీ. తయారై ఉన్న కింది పలక ఒకటి, డ్రాయింగు ఒకటి ఇచ్చారు. డ్రాయింగు చూసి పైపలక చెయ్యాలి, రెండూ పిన్నులతో కలవాలి. అరగంటలోనే ఏసోబు పట్టేశాడు. డ్రాయింగులో రంధ్రాల మధ్య దూరం అరమిల్లీమీటరు ఎక్కువుంది. గీసినట్టు చేస్తే పిన్నులు దిగవు. ఇంకేముంది, చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోయింది. కింది పలకను కొలిచి, దాని ప్రకారం రంధ్రాలు పెట్టాడు. గంట మిగిలుండగానే పని అయిపోయింది. పిన్నులు వెన్నలో వేలు దిగినట్టు దిగాయి.

ఫెయిల్ చేశారు.

దుబాసీ చెప్పిందిది. ఆ తప్పు కావాలనే పెట్టారు. పనివాడు ఆపి, అడుగుతాడా లేదా అని చూస్తారు. నువ్వు చేసిన పలక సరైనదే, కానీ కాగితం మీద ఉన్నది ఒకటి, నీ చేతిలో ఉన్నది ఇంకొకటి. రేపు ఇంకొకడు ఆ కాగితం చూసి చేస్తే వాడిది కలవదు, అప్పుడెవరిని పట్టుకోవాలి? పెద్దాయన ఒక్కటే అడిగాడట, చూసి కూడా ఎందుకు చెప్పలేదని. ఆరు వారాల తర్వాత ఇంకొక్కసారి రావచ్చన్నారు. అదే ఆఖరు.

ఇంటికొచ్చి చెబితే రోజీ ముందు నవ్వింది, తర్వాత మండిపడింది. “తప్పు జెప్తేనే నాకు జీతమిస్తరు, జెప్పకుంటేనే నీకిస్తరు. ఇదేం నౌకరయ్యా? ఆదివారమొస్తే దేవుణ్ణి అడగనీకి సిగ్గుండదు, మనిషిని అడగనీకి ఏంది సిగ్గు?” అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈయన అమ్మనైనా అడిగి ఉండడు. సంగతి విని, మర్నాటి నుంచి మనస్విని ఒకే ఒక్క వాక్యం జర్మన్‌లో రుద్ది రుద్ది నేర్పింది: ఇక్కడ కొలతలు కలవడం లేదు, ఏం చెయ్యమంటారు? ఇంట్లో ఏసోబు దాన్ని వల్లెవేస్తుంటే రోజీ కూర కలుపుతూ వినేది.

వాక్యం వచ్చింది. ధైర్యమే రాలేదు.

పరీక్ష వారం ఉందనగా సురేష్ పై ఆఫీసు గది నుంచి ఒక డ్రాయింగు కిందికి పంపాడు. అందులో వంపు కొలత తప్పు. ఏసోబు చెయ్యి ఆకురాయి మీదికి పోయింది, ఆగింది. పరీక్ష పాసైనా గోపాలరావు గారు అనుభవపత్రం రాసిస్తేనే ఆ దేశం వాళ్ళు పనివాడిగా గుర్తిస్తారు. ఆ పత్రం సంతకం కోసం సారు సొరుగులోనే ఉంది. ఇప్పుడు అల్లుడి తప్పు ఎత్తి చూపితే సంతకం గాలికి పోవచ్చు. చూపకపోతే, ఇక్కడ పెగలని నోరు ఆ పెద్దాయన ముందు పెగులుతుందా? డ్రాయింగు చేతబట్టుకుని మెట్లెక్కాడు.

మామ ఎదుటే చెప్పాడు. సురేష్ మొహం మాడిపోయింది. గోపాలరావు డ్రాయింగు చూశాడు, చాలాసేపు చూశాడు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని అడిగాడు. ఏసోబు ఆయన్ని కిందికి తీసుకుపోయి పాత డైల అర ముందు నిలబెట్టాడు. ఒక్కొక్కటీ దించి, పాత డ్రాయింగు పక్కన పెట్టి, ఎక్కడ జరిపాడో వేలుతో చూపించాడు. సురేష్‌వే కాదు, పాత ఫోర్‌మన్‌వి, గోపాలరావు స్వయంగా గీసినవి కూడా. పదకొండో డై దగ్గర ఆయన చాలన్నట్టు చెయ్యెత్తాడు.

“నాకెందుకు చెప్పలేదు ఏసోబూ?”

“మీరడగలే సార్. నేను చెప్పలే.”

గోపాలరావు పైకి పోయి సొరుగులోంచి ఆ పత్రం తీశాడు. ఇచ్చిన డ్రాయింగును తు.చ. తప్పక పాటిస్తాడు అని రాసి ఉంది. ఆయన ఎరిగినంతలో అంతకన్న గొప్ప మెప్పు లేదు మరి. దాన్ని రెండుగా చింపి, తెల్లకాగితం మీద మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయేదాకా రాశాడు. సంతకం చేసి ఇస్తూ, “ఆ కుర్చీ నీదే కావాలె. ఇప్పుడియ్యలేను. పో, నీ పని తెలిసినచోటికి పో” అన్నాడు. ఏసోబుకు కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది.

ఆఖరి పరీక్షలో వేరే డ్రాయింగు, వేరే తప్పు. ఏసోబు చూశాడు, చెయ్యి ఎత్తాడు. వాక్యం సగం జర్మన్‌లో వచ్చింది, మిగతా సగం మల్లాపూర్‌లో. పెద్దాయన లేచి, స్టూలు లాక్కుని ఏసోబు పక్కన కూర్చుని, జేబులోంచి పెన్సిల్ తీశాడు. డ్రాయింగు చూసి తలూపి ఏదో అన్నాడు. మీరైతే ఏం చేస్తారు అని అడుగుతున్నారని దుబాసీ చెప్పాడు.

దీనికి ఏసోబు సిద్ధంగా లేడు. ప్రశ్న నేర్చుకున్నాడు గానీ, జవాబు చెప్పాల్సొస్తుందని ఎవరూ చెప్పలేదు. ఆ పెన్సిల్ అందుకున్నాడు. తర్వాత తెలుగులో మొదలుపెట్టాడు. పావుగంట ఆగలేదు, దుబాసీకి ఊపిరి సలపలేదు.

సాయంత్రమే ఫలితం చెప్పారు, పాసయ్యాడు. గేటు బయటికొచ్చి రోజీకి ఫోన్ చేశాడు గానీ, ముందు ఆ మాట చెప్పలేదు.

“అడిగినవా?” అంది రోజీ.

“అడిగిన. ఆయన గూడ నన్ను అడిగిండు.”

“ఏమని?”

“నువ్వైతే ఏం జేస్తవని.”