మొదటి పేజీ వాళ్లది

మొన్న చోడవరంలో రోడ్డు వెడల్పు చేసే విషయమై సభ పెడితే, ఈ వయసులో కర్ర పట్టుకుని వెళ్లాను. రెండు పక్షాలవారూ ఒకరి మాట మీద ఒకరు పడి అరుచుకున్నారే తప్ప ఎదుటివాడికి ఏం కావాలో ఒక్కరూ అడగలేదు. అది చూస్తూంటే యాభైలనాటి మరో సభ, నా చేతిలోని రెండు కాగితాలు గుర్తుకొచ్చాయి.

జమీందారీలు రద్దయి ఎస్టేటు పోయాక మాకు మిగిలినవి పెద్ద గేటు, నాన్నగారి కోపం, ఆవరణలో బెల్లం గానుగ. రైతులు చెరకు తెచ్చి ఆడించుకుని మా వంతు బెల్లం ఇస్తేనే మా పొయ్యి వెలిగేది. పంచదార మిల్లు వస్తుందనగానే వాళ్లంతా చెరకు మొత్తం మిల్లుకే తోలేస్తామన్నారు. ఆ సంగతి తేల్చడానికి హైస్కూల్లో సభ, రెండు వైపుల నుంచీ చెరో వ్యాసం. మా వైపుది రాసే పని, అప్పుడే చదువు ముగించి వచ్చిన నాది. తాతగారి దానధర్మాలూ రైతుల విశ్వాసహీనతా కలిపి ఆవేశంగా రాసి మా తెలుగు మాస్టారికి చూపిస్తే, ఇది తిట్టుగాని వ్యాసం కాదనీ, మొదటి పేజీలో అవతలివాళ్ల మాట రాయమనీ, అది తమ మాటేనని వాళ్లు ఒప్పుకున్నాకే రెండో పేజీ తియ్యమనీ చెప్పారు.

మా వంశంలో ఎవరూ రైతు అరుగు ఎక్కి ఎరగరు. నేను ఎక్కాను. మిల్లు కావాలన్నవాళ్లకి పెద్ద, ఒకప్పటి మా కౌలురైతు, అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, దారి తప్పేరేటి?"

నులకమంచం అంచున నిటారుగా కూర్చుని, మిల్లువాళ్లిచ్చే మంచి రేటు గురించి మొదటి పేజీలో రాసినదంతా చదివాను. అతను నవ్వాడు.

"బాగా రాసేరు. రేటొక్కటే కాదు బాబూ. తమ గేటు కాడికొచ్చేసరికి సెప్పులు సేత్తో అట్టుకోవాల. మా నాన్న అట్టుకున్నాడు, నేనూ అట్టుకున్నాను. నా కొడుకు అట్టుకోనంతన్నాడు. మిల్లు కాటా కాడ ఆ బాధ నేదు గదా."

లోపలి నుంచి అతని భార్య అందుకుంది. "ఆ ముక్క రాస్తారేటి? రాస్తే రేపు మీ ఇంట్లో కూడెడతారా?"

ఆ ముక్క అక్కడే మొదటి పేజీలో రాసుకున్నాను. మా ఇంట ఎవరూ చెప్పులు విప్పమనగా నేను వినలేదు, విప్పనివాణ్ణీ చూడలేదు.

సభలో నాన్నగారు ముందు వరసలో కూర్చున్నారు. ఆ ముక్క చదివాను. వెనక నుంచి "మా మాటే బాబూ" అన్నాడు రైతు. నాన్నగారు లేచి నిలబడ్డారు. కూర్చుంటే ఒప్పుకున్నట్టు, వెళ్లిపోతే ఓడినట్టు. అందుకే కాబోలు, అలాగే నిలబడిపోయారు. రెండో పేజీ తీశాను: ఇంటి వాడకానికీ పండగలకీ కావలసిన బెల్లం మేరకు మా గానుగకి చెరకు తోలండి, మిగతాది మిల్లుకి ఇవ్వండి, మా గేటులోకి చెప్పులతోనే రండి. ఆ గేటు నాది కాదని అందరికీ తెలుసు. అందరి కళ్లూ నాన్నగారి మీదికి తిరిగాయి.

"మా ఇంటి మాట అదే" అన్నారాయన. ఆ కాగితాన్ని ఆయన అంతకుముందు చూడనే లేదు.

ఆ ఏడు చెరకు ఆడినన్నాళ్లూ నాన్నగారు నాతో మాట్లాడలేదు. మొదటి బండి వెంట చెప్పుల చప్పుడు గేటు దాటినప్పుడు మాత్రం కుర్చీ గోడ వైపు తిప్పుకుని, లోపలికి కేకేసి, వచ్చినవాళ్లకి మజ్జిగ పంపమన్నారు.

ఇప్పుడు గానుగ లేదు, గేటూ లేదు. ఎవరి ముందూ ఎవరూ చెప్పులు విప్పరు, అది మంచిదే. మొదటి పేజీ రాసేవాళ్లే కనిపించరు. మొన్నటి సభలో ఆ మాటే చెబుదామని లేచాను. పెద్దాయనా, కూర్చోండి అన్నారు. కూర్చోలేదు. సభ ముగిసేదాకా, కర్ర పక్కన పెట్టి, నిలబడే ఉన్నాను.