శ్రీరామ కింద 786

కల్లూరులో లైనక్సు తెలిసిన ఏకైక మానవుడిగా మునిరత్నం కొన్నేళ్లు ప్రశాంతంగా బతికాడు. ఆ తర్వాత, పెళ్లికార్డులు కూర్చే అతని డీటీపీ సెంటరుకు ఎదురుగానే రబ్బానీ ఇంకోటి తెరిచాడు. అప్పట్నుంచి మునిరత్నానికి టీ కూడా చేదే.

రబ్బానీ కంప్యూటరు నడిచేదీ విండోస్ మీద కాదు, లైనక్సు మీదే. పైగా మునిరత్నం కంప్యూటరు కన్నా త్వరగా లేస్తుంది. తెలుగుతోపాటు ఉర్దూ శుభలేఖలూ చేస్తాడు. అంతవరకూ ఓర్చుకోవచ్చు. కిరాణా కొట్టు కన్యకమ్మ "ఆ పిల్లోడు శానా నెమ్మదస్తుడప్పా" అనడం మాత్రం మునిరత్నం ఓర్పు పరిధిలోకి రాలేదు.

ఆ కన్యకమ్మే కూతురు శ్రీవాసవి పెళ్లికార్డు పని మునిరత్నానికి ఇచ్చింది. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. ప్రూఫు మూలలకు పసుపు పెట్టాక ఆ పని అంగడి మారకూడదు. అచ్చయిన తొలి కార్డు, తాంబూలం, చొక్కాగుడ్డ ఆ అక్షరాలు కూర్చినవాడికే దక్కాలి. ఆ ఇంటి గత పెళ్లిళ్ల తొలి కార్డులు మునిరత్నం గోడమీద పటాలు కట్టి ఉన్నాయి. నాలుగోదానికి మేకు కూడా కొట్టేశాడు.

శుక్రవారం రబ్బానీ నమాజుకు పోతూ, "అంగడి కొంచెం చూస్తాండన్నా" అన్నాడు. మునిరత్నం చూశాడు. కొంచెం ఎక్కువే చూశాడు. ఆ వేగం రహస్యం సెట్టింగుల ఫైల్లోనే ఉందని తీర్మానించి, దాన్ని పెన్‌డ్రైవులో ఎక్కించుకుని తన కంప్యూటరులో పెట్టుకున్నాడు. శుభమా అని మొదలుపెట్టే పని కదా అని పైన "శ్రీరామ" అని ఒక వరుస చేర్చాడు. అదే ఊపులో సిస్టమ్ అప్‌డేటు కూడా కొట్టాడు.

మర్నాడు కన్యకమ్మ వచ్చేసరికి తెరమీద వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం అన్నీ ప్రశ్నార్థకాలే.

"ఏమప్పా, మా అల్లుని పేరు యాడికి పాయె?"

"అప్‌డేటు పాడుజేసిందక్కా."

"అయితే ఆ రబ్బానీని పిల్చు. పసుపు పెట్టినాం, పని ఈడనే కావల్ల."

పిలవకపోతే కార్డు పోతుంది. పిలిస్తే పరువు పోతుంది. మునిరత్నం తేల్చుకునేలోపే ఆమె గుమ్మంలో నిలబడి కేకేసింది.

రబ్బానీ వచ్చి, తెరమీది ఇంగ్లీషు హెచ్చరిక చదివాడు. కంప్యూటరు ఏ భాషలో నడవాలో చెప్పే అమరికను లొకేల్ అంటారు. ఈ కంప్యూటరుకు ఉర్దూ లొకేల్ కావాలట, అదేమో లోపల లేదట. రబ్బానీ ఆ సెట్టింగుల ఫైలు తెరిచాడు. మొదటి వరుస శ్రీరామ. దాని కింద, బిస్మిల్లాకు గుర్తుగా తాను ప్రతి ఫైలుకూ తలకట్టుగా రాసుకునే 786.

మునిరత్నం ఫ్యాను వంక చూశాడు. అది తిరుగుతూనే ఉంది.

"ఏమైందంట?" అంది కన్యకమ్మ.

"ఏం లేదక్కా. అప్‌డేటు కొడితే ఒక్కోసారి ఇట్లయితాది."

రబ్బానీ ఉర్దూ అన్నచోట తెలుగు అని మార్చి, తెలుగు లొకేల్ తయారుచేసి, కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. అల్లుడు తిరిగొచ్చాడు. లేస్తూ మునిరత్నం చెవిలో, "ఆ 786 తీసెయ్యొద్దన్నా, రెండూ ఉండనీ" అన్నాడు.

తిట్టి ఉంటే మునిరత్నానికి సుఖంగా ఉండేది. వేగంతో పాటు మంచితనంలో కూడా వీడే ముందుండాలా?

కార్డులు అచ్చయ్యాయి. కన్యకమ్మ తాంబూలం పళ్లెంతో వీధిలోకి వచ్చి, ఇటు రావలసింది అటు దాటింది.

"అచ్చరాలకు పానం పోసినోనివి నువ్వే. పట్టు నాయనా."

రబ్బానీ తొలి కార్డుకు పటం కట్టించి, వీధిలోకి కనబడేలా తగిలించాడు. మునిరత్నం గోడమీద మేకు ఒంటరిగా మిగిలింది. అతను వీధికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. కంప్యూటరు ఆపినప్పుడల్లా, నల్లబడిన మానిటరు అద్దంలో ఆ పటం కనబడుతుంది. అందుకని ఇప్పుడు కంప్యూటరు ఆపడమే మానేశాడు.