ఎకరంలో పట్టని అరవై రెండు గుంటలు

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేండ్లు ఉందనంగ, ఒక ఎండాకాలం నన్ను ఏటూరునాగారం దిక్కున్న ఒక మండలానికి సర్వేయర్‌గా వేసిన్రు. అక్కడ మొదటి పని ముత్తవ్వ పోడు చేనుకు హద్దురాళ్లు పాతుడు. పోడంటే అడవి అంచున చదును చేసుకొని దున్నుకునే భూమి. కొత్త పట్టాలు ఇంకా పంచలేదు, ఆఫీసు బీరువాలనే ఉన్నయి. నా చేతికి వచ్చింది పేర్ల జాబితా జెరాక్స్ ఒక్కటే. అందులో ముత్తవ్వ పేరు పక్కన 1.20 అని ఉంది. అది ఎకరాలో హెక్టార్లో చెప్పే పై వరుస జెరాక్సులో తెగిపోయింది. డిప్యూటీ తహసీల్దార్ మాత్రం ఆర్డరులో ‘ఎకరం ఇరవై గుంటలు’ అని రాసిండు. రాళ్ల అవతల మిగిలిన నేల అడవి కింద లెక్క, వానలు పడంగనే అక్కడ మొక్కలు నాటుతరు.

ఈ ముచ్చట రిటైరైనంక మా మట్టెవాడ చాయ్ హోటల్లో ఎన్నిసార్లు చెప్పిన్నో నాకే తెల్వది. కాగితం చూడంగనే తప్పు పట్టిన్నని, కలెక్టర్ ముందర గొలుసు విసిరికొట్టిన్నని చెప్పేవాణ్ని. ఇప్పుడు ఇది రాసేటప్పుడు మాత్రం ఆ అబద్ధం దగ్గర చెయ్యి ఆగింది. కలెక్టర్ ఆ దరిదాపుల్లో లేడు. తప్పు పట్టింది నేను కాదు.

నేను చేసిందేందంటే, ఆర్డరు పట్టుకొని పోయి, గొలుసు పరిచి, అరవై గుంటలు కొలిచి ఆరు రాళ్లు పాతిచ్చిన. ముప్పై మూడు అడుగుల గొలుసు నాలుగు పక్కల పరిస్తే ఒక గుంట. నలభై గుంటలైతే ఎకరం. ముత్తవ్వ వచ్చి చివరి రాయి మీద కూసుంది.

“సారూ, నా చేను సగం ఏడ పోయింది?”

“కాగితంల ఉన్నంతే, అవ్వా. ఎకరం ఇరవై గుంటలు.”

“జర నా కింద ఎవల పేరుందో సదువు.”

కింద ఆమె పక్క చేను బయ్యన్న ఉన్నడు. 1.62 అని చదివిన.

“ఎకరానికి గుంటలెన్ని?”

“నలభై.”

“మరి అరవై రెండు గుంటలెట్ల రాస్తరు సారూ? నలభై దాటంగనే ఇంకో ఎకరం కాదా? గొలుసు నీ చేతిల ఉన్నది, లెక్క నేను చెప్పాల్నా?”

నా వెనక గొలుసు పట్టే చైన్‌మన్ నవ్విండు. నేను జాబితా మళ్ల చూసిన. హెక్టారుకు వంద ఆర్లు, ఒక ఆరుకు వంద చదరపు మీటర్లు. అందుకే హెక్టార్ల లెక్కలో చుక్క తర్వాత అరవై రెండు ఉండొచ్చు, గుంటల లెక్కలో ఉండరాదు. అంటే 1.20 ఒక హెక్టారు ఇరవై ఆర్లు. మన కొలతల మూడెకరాలకు గుంటన్నర తక్కువ. పాతిన రాళ్లు నేనే పీకిచ్చిన.

ఆఫీసుకు పోయి బీరువా తెరువమన్న. డిప్యూటీ తహసీల్దార్ తల ఎత్తలే.

“ఏందయ్యా, ముసలమ్మ అంటె కొలతలు మారుతయా? ఆర్డరు ఐపోయింది, స్కెచ్ మీద సంతకం పెట్టు.”

“పెడ్త సార్.” స్కెచ్ మీద ‘1.20 హెక్టార్లు’ అని పెద్దగ రాసి, దాని కింద సంతకం పెట్టిన. ఆ సాయంత్రమే మెమో వచ్చింది. పై అధికారి ఆర్డరు ఎందుకు ధిక్కరించినవో మూడు రోజుల్లో సంజాయిషీ ఇయ్యాలె. ఒక్క వాక్యం రాసిచ్చిన: ‘బయ్యన్న అరవై రెండు గుంటలను తమరు ఒక ఎకరంలో పట్టించి చూపిన యెడల, ముత్తవ్వ భూమి సగం తగ్గించి సంతకం చేయుటకు సిద్ధంగా ఉన్నాను.’ జాబితా నకలు దానికి జోడించి ఒకటి డిప్యూటీకి, ఒకటి సెలవు నుంచి వచ్చిన తహసీల్దారుకు ఇచ్చిన.

తహసీల్దారు బీరువా తెరిపించిండు. పట్టా మీద ‘హెక్టార్లు’ అని అచ్చుల ఉంది. మర్నాడు మళ్ల కొలిచినం. ముత్తవ్వ ప్రతి రాయి దగ్గర నిలబడి, చైన్‌మన్‌తోని గొలుసు బిగువ పట్టిచ్చింది. ఆమె చేను ఒక్క గుంట తగ్గలె.

మెమో ఎవ్వరూ వాపసు తీసుకోలె. నేనూ క్షమాపణ రాయలె. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్ని రోజులు పక్కన యూనిట్ రాయని అంకె కింద సంతకం చెయ్యలె. పొలం కొలిచే ముందు ఆ పొలం దున్నేటోళ్లకు కాగితం గట్టిగ చదివి వినిపిచ్చిన.