మేక ముట్టని చెట్టు

భువనగిరి దగ్గరి ఊళ్లో నేను పంచాయతీ కార్యదర్శిగా ఉన్నప్పుడు ఒక మేకలాయన ఉండేవాడు. దేన్నీ ఊరికే నమ్మడు. కొత్త ఆకు కనబడితే తెంపి, నలిపి, వాసన చూసి, తన ముసలి మేక మూతి ముందు పెట్టేవాడు. అప్పుడాయన చూపు ఆకు మీద కాదు, మేక మొహం మీద ఉండేది.

అవి అప్పటి ముఖ్యమంత్రి పాలనలో చివరి ఏళ్లు. ఎండలు ముదురుతున్నాయి, ఊరూరా చెట్లు పెంచాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. మొక్క చస్తే సంజాయిషీ నేనిచ్చుకోవాలి. మేక మేస్తే ఆయనకు జుర్మానా రాయాలి. రెండుసార్లు రాశాను కూడా. చివరికి విసిగిపోయి, మేకలు ముట్టవని రోడ్డు పొడుగునా కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు పెట్టించాను. ఏడాదికే పచ్చటి గోడలా లేచింది.

ఆయన ఆకు తెంపి మేకకు పెట్టాడు. అది మొహం తిప్పుకుంది.

"మేక ముట్టది, పిట్ట గూడు పెట్టది. గిదేం చెట్టు సారూ? దీన్ని ఎట్ల నమ్మాలె?"

"పచ్చగా ఉంది కదా!" అన్నాను. మేకను చూసినట్టే నా మొహంలోకీ చూశాడు.

కొంతకాలానికి, ఆ చెట్టుతో ఆయాసం వస్తుందట, ఇక నాటొద్దని ఉత్తర్వు వచ్చింది. నాటించిన చేత్తోనే కొట్టించి, వేప మొక్కలు పెట్టించాను. ఆయన వచ్చి నా ముందే ఒక రెమ్మ తుంచి మేకకు అందించాడు. అది ఈనెతో సహా నమిలేసింది.

"గిది మంచి చెట్టే సారూ," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఇగ రాయి జుర్మానా."