అన్న రోలరు పరీక్షకు పోయిన దారి

మా అన్న దావీదు ఆవిరి రోలరు మీద ఫైర్‌మన్. గద్వాల నుంచి అయిజ పోయే సడక్ మీద పరిచిన కంకరను తొక్కే యంత్రం అది. దానికి బొగ్గు వేయడం, నీళ్లు పోయడం అన్న పని, నడపడం డ్రైవరు పని. పోయిన ఏడాది సడక్ కూలీల సంఘం సమ్మె చేసి ఒక్క మాట సాధించుకుంది. డ్రైవరు శిక్షణకు మనుషులను తీసుకునేటప్పుడు, సంఘంలో చందా కట్టే ఫైర్‌మన్లను ముందు పిలవాలి. రోలరు మీద పరీక్ష గట్టెక్కిన వాళ్లను పట్నానికి పంపి, యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వదిలేసిన మట్టి తోసే యంత్రాల మీద కొన్ని నెలలు నేర్పిస్తారు. ఆ తరువాత తుంగభద్ర ఆనకట్ట దగ్గర నెల జీతం మీద పని. గట్టెక్కకపోయినా ఆనకట్ట పని ఉంది, కానీ అది తట్టా పారా పని. మా వాడలో సగం ఇళ్లు మేస్త్రీ వెంట దానికే బయలుదేరుతున్నాయి. మేస్త్రీ మొగుడూ పెళ్లాలను జంటగానే తీసుకుంటాడు. మా వదిన మార్తకు అప్పుడు ఆరో నెల. అన్న పరీక్షకు పోతే మేం అందరం ఎందుకు అంత భయపడ్డామో దీన్నిబట్టి తెలుస్తుంది.

నేను వెంట పోవడానికి కారణం పుస్తకం. సంఘం వాళ్లు ఇచ్చిన బాయిలరు పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను కర్నూలు కాన్వెంటులో మెట్రిక్ దాకా చదివాను. రోజూ సాయంత్రం అన్నకు ఒక్కొక్క పేజీ తెలుగులో చెప్పేదాన్ని. అడిగే ప్రశ్నలు ఇంగ్లీషులోనో ఉర్దూలోనో ఉంటాయి కాబట్టి, చదివి చెప్పే మనిషిని తెచ్చుకోవచ్చని సంఘం మాట తీసుకుంది. మనుషుల మధ్య నోరు విప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. అయినా వేరే ఎవరూ లేరు.

గద్వాలలో పొద్దున బండి ఎక్కాం. మూడో తరగతి టికెట్టుకు కొన్ని అణాలే, కానీ నిజాం సర్కారు హాలీ అణాలు కావాలి. నా దగ్గర కర్నూలు నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు సిక్కాలు ఉంటే టికెట్టు బాబు తోసేశాడు, కాబట్టి కర్నూలు వైపు నుంచి వచ్చేవాళ్లు ముందే మార్చుకోవాలి. వంతెన మీద బండి మెల్లగా పోయింది. కింద కృష్ణలో బండలే ఎక్కువగా కనిపించాయి. వాటి మధ్య ఎవరో ఇసుకను చేత్తో తోడుతున్నారు. అన్న కిటికీ దగ్గర నిలబడి దాన్నే చూశాడు.

వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగితే ఊరు అక్కడ ఉండదు. కొత్తవాళ్లు ఇక్కడ మోసపోతారు. జట్కాలో ఇంకో రెండు మూడు గంటల దారి. బయట ఒక పూటకూళ్ల పాకలో జొన్నరొట్టె, పచ్చిపులుసు దొరుకుతాయి. వండే ఆమె నా చెప్పులు, చీర కట్టు చూసి, "లోపలికి రాండమ్మా, నీడకు కూసోండ్రి" అంది. వెనక అన్న మూట దించగానే ఆమె చూపు మారింది.

"ఏ వాడ మీది?"

అన్న చెప్పాడు.

"అయితే నువ్వు ఆ బండ మీద కూసో. అమ్మగారు..." అని ఆగిపోయింది. నేనెవరో ఆమెకు ఇంకా తేలలేదు.

"మా చెల్లె," అన్నాడు అన్న.

నేను పోయి బండ మీద అన్న పక్కన కూర్చున్నాను. రొట్టె ఆకులో వచ్చింది. నిజానికి రొట్టె బాగుంది. నీళ్లు మాత్రం పైనుంచి దోసిట్లో పోసింది.

జట్కా అతను మాటకారి. "పరీక్ష నీదా, మీ అన్నదా?" అని అడిగాడు.

"అన్నది," అన్నాను.

"మరి పుస్తకం నీ ఒళ్లె ఉన్నదేంది? గీ లెక్కన గుర్రం నడిపేటిది నేను, గడ్డి తినేటిది ఇంకొకడు." అన్న నవ్వాడు. ఆ ప్రయాణంలో అన్న నవ్వింది అప్పుడే.

వనపర్తిలో సంఘం అంటే కమ్మరి కొలిమి వెనక ఒక గది. అక్కడ ఖాసిం ఉస్తాద్ ఉంటాడు. పెద్ద డ్రైవరు, ఆ సమ్మెకు ముందు నిలబడిన మనిషి. శిక్షణకు పోదలచిన వాళ్లు ముందు ఆయనను కలవడం మంచిది. చందా కట్టిన చీటీ, ఫైర్‌మన్‌గా రెండేళ్లు చేసినట్టు డ్రైవరు ఇచ్చిన చీటీ, దవాఖానలో కళ్లు చూపించుకున్న చీటీ ఉన్నాయో లేదో ఆయనే చూస్తాడు. మావి చూసి పక్కన పెట్టి, అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"గిలాసుల నీళ్లు ఎంతుండాలె?"

బాయిలరులో నీళ్లు ఎంత ఉన్నాయో చూపే గాజుగొట్టాన్ని వాళ్లు గిలాసు అంటారు.

"సగం, ఉస్తాద్."

"దిగుడు దారిల?"

"సగానికి పైన. ముంగట్కి వంగితె నీళ్లు ముంగట్కి పోతయ్. పొయ్యి నెత్తి మీద నీళ్లుండయ్."

"లేకుంటే?"

"సీసం బిరడా కరుగుతది. ఆవిరి పొయ్యిల పడి నిప్పు ఆరిపోతది."

"బిరడా లేకుంటే?"

"బాయిలరు పేలుతది."

ఉస్తాద్ తల ఊపి నా వైపు తిరిగాడు. "బేటీ, మీ అన్నకు మంచిగ చెప్పినవ్. రేపు గింత చేస్తే చాలు. పరేషాన్ కాకుండ్రి." ఆ రాత్రి మిషన్ ఆవరణలో పడుకున్నాం. కూలి జనానికి అక్కడ వసారా ఇస్తారు, అడిగితే చాప కూడా ఇస్తారు.

మరునాడు నాగర్‌కర్నూలు బస్సు ఎక్కాం. ఉస్తాద్ కూడా వచ్చాడు. అది బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. ఎక్కుడు వస్తే ఆగుతుంది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆడోళ్లు కూసోండ్రి, మొగోళ్లు దిగి జర నూకుండ్రి" అనేవాడు. ఉస్తాద్ దిగుతూ, "టికెట్టు పైసలు మా తాన తీస్కొని కూలి మాతోనే చేపిస్తివా?" అంటే అన్న తప్ప బస్సంతా నవ్వింది. వేళకు చేరాలంటే ఈ దారిలో తెల్లవారుజామునే బయలుదేరాలి. మేం బిజినేపల్లి ఇవతల, కంకర కుప్పల దగ్గర దిగేసరికి ఎండ బాగా ముదిరింది.

రోలరు సడక్ మధ్యలో ఉంది. ముందు మట్టంగా ఉన్న దారి, తరువాత వాగులోకి దిగుడు. మాకంటే ముందు ఇద్దరు వచ్చి పరీక్ష ముగించుకున్నారు. వాళ్ల కోసం బాయిలరును రెండుసార్లు నింపారు. వాగు ఇసుకలో తవ్విన చెలమలో నీళ్లు అడుగంటాయి. చుట్టూ ఊరి ఆడవాళ్లు కడవలు పెట్టుకొని, ఊట ఊరేదాకా కూర్చున్నారు. వాళ్లకు కూలి లేదు. అది వెట్టి. సర్కారు యంత్రం ఊరి హద్దులో ఉన్నన్నాళ్లు, దానికి నీళ్లు మాలాంటి వాళ్ల వాడలోని ఆడవాళ్లు మోయాలి. వాళ్ల మీద కాపలాకు పటేలు పంపిన ఊరి నౌకరు సుంకరి కర్ర పట్టుకొని నీడలో ఉన్నాడు.

ముందు నోటి పరీక్ష. పరీక్ష పెట్టే ఓవర్సీరు గొడుగు కింద కుర్చీలో కూర్చొని ఇంగ్లీషులో అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. అన్న చెప్పింది ఇంగ్లీషులోకి మార్చాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు, ఓవర్సీరు రెండుసార్లు గట్టిగా చెప్పమన్నాడు. అన్న ఒక్కటీ తప్పలేదు. ఉస్తాద్ దూరం నుంచి నాకు చేత్తో సైగ చేశాడు. ఆ కాసేపు నేను వదిన గురించి, ఇంటి దగ్గరే పుట్టబోయే బిడ్డ గురించి ఆలోచించుకున్నాను.

తరువాత బాయిలరు సిద్ధం చేయడం. ఒక ముసలామె కడవ ఎత్తుకొని గట్టెక్కి వచ్చింది. పేరు నర్సమ్మ అని తరువాత తెలిసింది. అన్న చేతికి కడవ అందిస్తూ, "ఎంత తాగుతదిరా మీ దున్నపోతు! మా ఇంట్ల పిల్లలకు నోరు తడుపనీకి లేదు" అంది.

"కోపం చెయ్యకు అవ్వా. ఇదొక్కసారే."

"ఒక్కసారేనంట. పొద్దుగాల వచ్చినోడు గట్లనే అనె, ఆయెనక వచ్చినోడు గట్లనే అనె. ఏ ఊరు కొడుకా?"

"గద్వాల దిక్కు."

"ఆడ కూడ గిట్లనేనా?"

"గిట్లనే. మా అమ్మ కూడ మోసింది అవ్వా."

అన్న ఆ కడవ పోశాడు. ఆమె మళ్లీ దిగి, చాలాసేపటికి ఇంకొకటి తెచ్చింది. అందులో సగం బురద. అన్న దాన్ని కాసేపు తేరనిచ్చి, పైన తేరిన నీళ్లు చూశాడు. గిలాసు చూశాడు. నాకూ కనిపించింది, సగానికి కొంచెం కింద ఉంది. సుంకరి అటు తిరిగి ఉన్నాడు.

"సాలు అవ్వా. ఈ కడవ ఇంటికి తీస్కపో," అన్నాడు అన్న మెల్లగా.

ఆమె నమ్మలేనట్టు చూసి, కొంగు కడవ మీద కప్పి, గబగబా పోయింది.

మట్టం మీద రోలరు బాగా పోయింది. కంకర చిట్లే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓవర్సీరు ఏదో రాసుకుంటున్నాడు. దిగుడు మొదలైంది. సగం దిగాక లోపల నుంచి ఒక్కసారిగా బుస్సుమని వచ్చింది. పొయ్యి తలుపు సందుల్లోంచి తెల్లటి ఆవిరి, బూడిద ఎగిరాయి. ఉస్తాద్ "దూకు!" అని అరుస్తూ పరుగెత్తాడు. అన్న దూకలేదు. బ్రేకు బిగించి, రోలరు నిలిచాక దిగాడు. ముంజేతి మీద చర్మం ఎర్రగా కమిలింది. బిరడా కరిగిపోయింది. నిప్పు ఆరిపోయింది.

ఓవర్సీరు కోప్పడలేదు. నా వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. మీ అన్నకు అన్నీ తెలుసు, తెలిసి చేయలేదు, అలాంటి మనిషికి యంత్రం ఇవ్వలేను, ఈ మాట మీరే చెప్పండి అన్నాడు. అన్నకు నేనే చెప్పాను. "పాస్ కాలేదన్నా." ఆ రోజు నేను గొంతు తగ్గకుండా చెప్పిన మాట అదొక్కటే.

బిరడా మార్చాలంటే బాయిలరులో ఉన్న నీళ్లన్నీ వదిలేయాలి. వేడి నీళ్లు కంకర మీదుగా పారి మట్టిలో ఇంకిపోయాయి. మార్చాక మొదటి నుంచి మళ్లీ నింపాలి. సుంకరి వాడలోకి పోయి అందరినీ పిలుచుకొచ్చాడు. నర్సమ్మ తీసుకుపోయిన కడవతోనే తిరిగి వచ్చింది. అన్న ముందు దించి, ఊపిరి పీల్చుకుంది.

"నువ్వు గట్ల అనకుంటే ఈ ఒక్క కడవతోని పోయేటిది గదరా కొడుకా."

అన్న కడవ అందుకోబోయాడు. ఆ రోలరు మీది ఫైర్‌మన్ వచ్చి, "నువ్వు ముట్టకు" అని తనే ఎత్తుకున్నాడు.

నాగర్‌కర్నూలులో పెద్ద ఇంజనీరు బస చేసి ఉన్నాడని, ఆయన ఒప్పుకుంటే ఇంకోసారి పరీక్ష పెట్టవచ్చని ఎవరో అన్నారు. కంకర తోలే లారీలో ఉస్తాద్ మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. బిజినేపల్లి నుంచి గంట లోపే దారి. బంగళా వాకిట్లో నేనూ అన్నా నిలబడ్డాం. ఉస్తాద్ లోపలికి పోయి, తొందరగానే బయటికి వచ్చాడు. తలపాగా తీసి దులుపుకున్నాడు.

"కాదన్నడా?" అని అడిగాడు అన్న.

"ఆయన కాదనలే బేటా. కాగితం చూపించిండు. బిరడా కాల్చినోన్ని మళ్ల పిలువొద్దని రాసి ఉన్నది. గా మాట రాయించింది మన సంగమే. బాయిలర్ పేలి మనోళ్లు సచ్చిండ్రని నేనే కూసోని రాయిస్తి. జీతం కోసం కొట్లాడుత, డ్రైవరు కుర్సీ కోసం కొట్లాడుత. దీని మీద ఏమని కొట్లాడుత, నువ్వే చెప్పు."

ఉస్తాద్ బస్సు వేళ అడిగి, పోయాడు. మేం బంగళా గోడ నీడలో కూర్చున్నాం. నేను తడిగుడ్డ అన్న చేతికి చుట్టాను.

"నొస్తుందా?"

"లేదు." గుడ్డ ముడి బిగించుకుంటూ అన్నాడు, "ఆనకట్టకు ఎట్లనన్న పోయేటిదే ఉండె చెల్లె. యంత్రం మీద పోత అనుకుంటి. తట్ట పట్టుకొని పోత."

"వదిన?"

"మేస్త్రీని అడుగుత. ఆమెకు నీళ్ల పని ఇయ్యమంట, కూలోళ్లకు తాగనీకి మోసేది. మట్టి కన్న నీళ్లు జర అల్కగ ఉంటయంటరు."

ఇది రాస్తున్నప్పటికి వాళ్లు పోయి నెల దాటింది. అన్న మీద కోపం తెచ్చుకోవాలని చాలా చూశాను. వదిన నడుము మీద కడవ పెట్టుకొని పోతూ ఉంటుందని అనుకున్నప్పుడు వస్తుంది కూడా, కానీ నిలవదు. ఆ గిలాసు సగానికి కింద ఉందని నేనూ చూశాను. నేనే అన్న చోట ఉంటే ఆ కడవ పోసేదాన్నా అని నన్ను నేను ఇప్పటికీ అడుగుతూ ఉంటాను. నేను చదివి చెప్పిన పుస్తకంలో నీళ్లు ఎంత ఉండాలో ప్రతి పేజీలో ఉంది. ఎవరు తెచ్చి పోస్తారో ఎక్కడా లేదు. ఆ పుస్తకం రాసిన దేశంలో ఆ మాట అవసరం పడి ఉండదు.

ఈ పరీక్షకు పోయేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. వానలు పడి వాగుల్లో నీళ్లు వచ్చాకే మీ పేరు ఇవ్వండి. వేసవిలోనే పిలిస్తే, పది మంది ఫైర్‌మన్లు కలిసి పీపాల బండి కిరాయికి మాట్లాడుకొని, నిండిన పీపాలతో రోలరు దగ్గరికి పొండి. ఊరి ఆడవాళ్ల కడవల మీద మాత్రం పరీక్షకు ఎక్కకండి.